బొటనవేలి దయ

తుపాకి భుజానికి ఆనించుకుని నిలబడ్డ పిల్లలతో "భయపడకు" అనడం చాలా తేలిక. నా ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు అన్న మాట అదే అయ్యుంటుంది. ఇప్పుడు ఇంట్లో పొద్దున్నే బైబిలు వాక్యం చదువుకుని, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాక, ఒక్కోరోజు ఆ మాట నా గొంతుతోనే నాకు వినిపిస్తుంది. అప్పుడు తల వంచుతాను. ప్రార్థన కోసం వంచానో, సిగ్గుతో వంచానో నాకే తెలియదు.

మీలో కొందరు ఈ తుపాకి ఆట నేర్చుకుంటున్నవాళ్లు, కొందరు నేర్పుతున్నవాళ్లు. నేర్పేవాళ్లు మరీ శ్రద్ధగా చదవండి. నేను బడికి పోయినదాన్ని కాను. మా అమ్మ ఇంట్లోనే, నాపరాళ్ల నేల మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించింది. వాక్యం చదవడం వస్తే చాలనుకుంది. ఆ చదువుతోనే రాస్తున్నాను కాబట్టి ఎక్కడైనా మాట తడబడితే మన్నించండి. మనుషుల పేర్లు మాత్రం రాయను. తప్పు నాదైనప్పుడు వాళ్ల పేర్లెందుకు?

మా మైదానం తాండూరు దాటాక ఉండేది. బండలు తీయగా మిగిలిపోయిన పాత క్వారీ అది. మూడు వైపులా మెట్లుమెట్లుగా కోసిన రాతి గోడలు. తుపాకుల మోత ఊళ్ల మీదికి పోకుండా ఆ గోడలే ఆపేవి. నేను వికారాబాద్‌లో పొద్దుటి పాసింజరు ఎక్కి తాండూరులో దిగి, యాలాల్ వైపు పోయే ఆటోలో కొంతదూరం వెళ్లి, మిగిలింది నడిచేదాన్ని. ఎండాకాలం ఆ రాయి పొద్దున్నుంచే సెగ కక్కేది. అయినా ఆ పని ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పని రోజు లేదు. ఆ మైదానం నడిపే సార్, సైన్యంలో చేసి వచ్చినాయన, నన్ను మొదట పెట్టుకుంది పగిలిన పెంకులు ఏరడానికి. మీట నొక్కే అతను ఇంకో పని దొరికి వెళ్లిపోయినప్పుడు, "అమ్మా, మీరు కూర్చోండి. ఇంతే పని, పుల్ అంటే నొక్కాలి" అని మీట ఉన్న డబ్బా నా చేతిలో పెట్టాడు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. నేలలో తవ్విన గుంతగదిలో ఒక మిషను ఉంటుంది. ఆడేవాళ్లు దాని వెనక కొంతదూరంలో వరుసగా నిలబడతారు. ఒక్కొక్కరే తుపాకి భుజానికి ఎత్తి, "పుల్" అని అరుస్తారు. వెంటనే మిషను ఒక చిన్న నారింజరంగు పళ్లేన్ని గాలిలోకి విసురుతుంది. ఎడమకు పోతుందో, కుడికి పోతుందో, నిటారుగా పోతుందో ఎవరికీ తెలియదు. అది నేలకు దిగేలోపు పగలగొట్టాలి. దాన్ని మేమంతా పిట్ట అనేవాళ్లం. పుల్ అన్న కేక వినగానే పిట్టను లేపే మీట నా బొటనవేలి కింద ఉండేది.

రోజూ చూస్తూ చూస్తూ నాకు మనుషులు అర్థమయ్యారు. ఎవరి కాలు ఎటు జారుతుందో, ఎవరి భుజం ఎప్పుడు బిగుసుకుంటుందో వెనక కూర్చున్న నాకు కనిపించేది. "బిడ్డా, నీ తల లేస్తున్నది" అని ఒకసారి ఒక పిల్లవాడికి చెబితే, వాడు తర్వాతి పిట్టను పొడిపొడి చేశాడు. ఆ తర్వాత అందరూ అడగడం మొదలుపెట్టారు. సార్ కూడా, "కొత్తవాళ్లకు మొదటి పాఠాలు మీరే చెప్పండి" అన్నాడు. నేను చెప్పిన పాఠాలు తప్పు కావు. పాదాలు పిట్ట లేచే చోటుకు తిరిగి ఉండాలి. చెంప తుపాకి చెక్కకు గట్టిగా ఆనాలి. చెంప లేచిందంటే దెబ్బ పిట్ట మీదుగా పోతుంది. కన్ను తుపాకి మీద కాదు, దాని అవతల ఉండాలి. పిట్ట పగిలాక కూడా తుపాకి కదులుతూనే ఉండాలి, ఆపేయకూడదు. ఇవన్నీ ఇప్పటికీ చెబుతాను.

తప్పంతా నా నోట్లో కాదు, బొటనవేలిలో ఉంది.

నేను కేక వినేదాన్ని కాదు, మనిషిని చూసేదాన్ని. పుల్ అన్నాక కూడా ఆ పిల్లో పిల్లవాడో ఇంకా సర్దుకుంటూ ఉంటే, చెంప ఇంకా చెక్క మీదికి వస్తూ ఉంటే, నా వేలు ఆగేది. రెప్పపాటు కూడా కాదు. వాళ్లు కుదురుకున్నారని నా మనసుకు అనిపించగానే నొక్కేదాన్ని. ఇలా చేయాలని నేను ఎప్పుడూ అనుకోలేదు. చంటిపిల్ల నోరు తెరిచేదాకా అన్నం ముద్ద పట్టుకుని ఆగమని తల్లికి ఎవరు చెబుతారు? అలాగే అయ్యింది నాకూ. ఆడేవాళ్లు కూడా, "నువ్వు నొక్కితే పిట్ట మెత్తగ లేస్తదమ్మా" అనేవాళ్లు. దేవుడు నా వేలికి ఒక వరం ఇచ్చాడనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు నాకు ఎంత సిగ్గో చెప్పలేను.

గుంతగదిలో మిషనుకు పిట్టలు అందించేవాడు ఒకతను ఉండేవాడు. కన్నడ సరిహద్దు ఊరివాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. మనిషి నేల కింద, మాట నేల మీద అన్నట్టు ఉండేవాడు. పిట్ట తప్పిపోతే లోపలినుంచే, "మల్ల పాణంతోటి పోయిందక్కా!" అని అరిచేవాడు. మేమిద్దరం కలిసి ఎన్నో ఏళ్లు అన్నం డబ్బాలు పంచుకున్నాం.

ఒకసారి సార్ పట్నం నుంచి మైకులు తెప్పించాడు. పెద్ద పోటీల్లో మీట నొక్కే మనిషి ఉండరు. ఆడేవాళ్ల ముందు మైకు ఉంటుంది, కేక దానికి తగలగానే పిట్ట లేస్తుంది. మన పిల్లలకూ అలవాటు కావాలని బిగించాడు. ఆ రోజుల్లో అందరూ పిట్టలు తప్పడం మొదలుపెట్టారు. దానికి తోడు మాకు కాస్త దూరంలోనే సిమెంటు గూడ్సుబండి పోయేది. అది కూత పెట్టిందంటే చాలు, ఎవరూ పిలవకుండానే పిట్టలు వరసగా లేచిపోయేవి. మావాడు గుంతలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"ఏనక్కా! రైలుబండి గూడ ఆట నేర్సుకుంటున్నదా? దానికి గూడ నువ్వే పాఠం చెప్పినవా?"

అందరూ నవ్వారు. "మైకు ఖరాబున్నది సార్, అమ్మనే కూసోవెట్టున్రి" అన్నారు. సార్ కొన్నాళ్లు చూసి మైకులు విప్పి డబ్బాలో పెట్టేశాడు. "మీరుండగా మైకెందుకమ్మా" అన్నాడు. మర్నాడు నేను వికారాబాద్ నుంచి పేడాలు తీసుకెళ్లి అందరికీ పంచాను.

ఇక ఆ అమ్మాయి సంగతి.

తాండూరులో కందిపప్పు మిల్లున్న వ్యాపారి కూతురు. వాళ్ల నాన్నను అందరం సేటు అనేవాళ్లం. కాలేజీ అయిపోయాక పెదనాన్న కొడుకులతో కలిసి ఒకసారి వేడుక చూడటానికి వచ్చి, వాళ్లందరికంటే ఎక్కువ పిట్టలు పగలగొట్టి ఇంటికి పోయింది. మర్నాడు తండ్రిని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. ఆ పిల్లకు చెయ్యి ఉంది, కన్ను ఉంది, పైగా నోరుంది. "పిట్ట పగిల్తే గట్లిట్ల కాదు పెద్దమ్మా, కందిగింజ లెక్క సాఫుగ రెండు బద్దలు గావాలె" అనేది. నన్ను మొదటిరోజు నుంచీ పెద్దమ్మా అనే పిలిచింది. నాకు ఆడపిల్లలు లేరు. ఇంతకంటే వివరంగా చెప్పను.

ఆ పిల్లకు ఒక అలవాటు ఉండేది. మాటలో ఎంత తొందరో పుల్ అనడంలోనూ అంతే తొందర. ముందు కేక, తర్వాత చెంప. కేక వేసి, అప్పుడు తలను చెక్క మీదికి దించుకునేది. అది నేను చూడలేదని అనను. చూశాను. చూసి, దిద్దకుండా, నా వేలితో కప్పేశాను. ఆమె కోసం అందరికంటే కాస్త ఎక్కువే ఆగాను. మా మైదానంలో ఆమె గురికి అడ్డు లేకపోయింది.

రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు దగ్గరికొచ్చాయి. అంతకుముందు సేటు నన్ను పక్కకు పిలిచాడు.

"అమ్మా, మా అమ్మ రోజు లొల్లి చేస్తున్నది, ఆడివిల్లకు తుపాకేందిర అని. గీ ఏడు జట్టుల పేరొస్తే నేను ఎవ్వరి మాట ఇన. రాకుంటే మిల్లుల కూసుంటదని అమ్మకు జబానిచ్చిన. బిడ్డ గూడ ఒప్పుకున్నది."

"ఫికర్ చెయ్యకున్రి సేటు. అది కొట్టకుంటే ఇంకెవరు కొడ్తరు?" అన్నాను.

పోటీ పట్నం అవతల పెద్ద మైదానంలో. తుపాకులూ తూటాలూ సార్ జీపులో వెళ్లాయి. పిట్టలవాడినీ ఆయన తోడు తీసుకుపోయాడు. సేటుకు కారున్నా, పట్నం రోడ్ల మీద పరేషాన్ ఎందుకని రైల్లోనే బయల్దేరారు. తండ్రీకూతుళ్లు తాండూరులో ఎక్కితే నేను వికారాబాద్‌లో ఎక్కాను. పిల్ల నాకోసం కిటికీ పక్కన చోటు పట్టి ఉంచింది. దారంతా నవ్వుతూనే ఉంది. భయం అన్నది ఆమె ముఖంలో ఎక్కడా లేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి.

మొదటి వంతులో ఆమె "పుల్" అంది. మైకు పిట్టను లేపింది. చెంప చెక్క మీదికి చేరేలోపే పిట్ట సగం దూరం పోయింది. ఆమె తరుముకుంటూ కాల్చింది. తప్పిపోయింది. మళ్లీ పుల్. మళ్లీ తప్పింది. ఇరవై అయిదు పిట్టల్లో ఎప్పుడూ రెండో మూడో వదిలే పిల్ల, ఆ వంతులో సగానికి సగం వదిలేసింది. తుపాకిని మడత దగ్గర తెరిచి చేతి మీద వేసుకుని నా దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు, ఆశ్చర్యపోతోంది.

"పెద్దమ్మా, గీడ పిట్ట తొందరగ లేస్తున్నది."

"అన్ని పిట్టలు ఒక్క తీరుగనే లేస్తయి బిడ్డా."

"లేదు పెద్దమ్మా. పుల్ అంటుంటెనే లేస్తున్నది. జర చూడు."

నేను చూడలేదు. ఆమె చూడమన్న చోటు వదిలేసి ఆమె ముఖంలోకి చూశాను. "నువ్వు భయపడ్తున్నవు బిడ్డా. భయానికి అట్లనే అనిపిస్తది. భయపడకు" అన్నాను. ఆమె తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని, ఈ బిడ్డ గుండెలోని భయాన్ని తీసేయి తండ్రీ అని ప్రార్థించాను. ఆమె నుదుట బొట్టు, వేలికి వాళ్ల దేవుడి ఉంగరం. అయినా ఎంతో మర్యాదగా తల వంచి నిలబడింది.

లేని భయాన్ని ఆ పిల్ల మీద మోపి, దాన్ని తీసేయమని దేవుణ్ణి అడిగాను నేను.

రెండో వంతుకు నిజంగానే భయం వచ్చింది. తెచ్చి పెట్టింది నేనే. చేతులు బిగుసుకున్నాయి. కేక గొంతులో ఇరుక్కుని రెండుసార్లు మైకుకు అందనే లేదు. లెక్క ఇంకా దిగజారింది. ఇక చివరి వంతు మిగిలింది. అది బాగా కొడితే జట్టులో ఆఖరి చోటుకు ఇంకా ఆశ ఉందని సార్ చెప్పి, తన మాట తనకే నమ్మకం లేనట్టు పక్కకు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం షామియానా కింద మా పిట్టలవాడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. అన్నం కలుపుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"అక్కా, పొల్లకు భయం లేకుండె."

"మరేంది?"

"పుల్ అన్నంక చెంప పెడ్తది. మనకాడ నువ్వు ఆగుతవు. గీ మైకు ఆగదు."

నాకు కోపం వచ్చింది. "నువ్వు గుంతల కూసునేటోనివి. పైన నేనేం చేస్తున్ననో నీకెట్ల కనవడ్తది?"

"గుంతల కూసున్నోనికే ఎరుకైతదక్కా. కేక ఇనవడ్తది, మిషను గుంజుడు కనవడ్తది. నడుమ నువ్వు ఎంత ఆగినవో నా చెవులకు తెలుస్తది. ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరు ఆగుతవు. గా పొల్లకు మస్తు ఆగుతవు."

"గిన్నేండ్ల సంది ఎరుకై చెప్పవైతివి?"

అతను ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "మైకు తీసేసిన మర్నాడు పేడాలు వంచినవు గదక్కా. తింటుంటె ఏం చెప్పాలె?"

ఎప్పటిలాగే నవ్విస్తాడేమోనని చూశాను. నవ్వలేదు.

అతను చెప్పింది నిజమని నా బొటనవేలికి తెలుసు. ఆ మాట వింటున్నప్పుడు కూడా అది నా ఒళ్లో కదులుతోంది. అయినా మనసు వంద సాకులు వెతికింది. పోటీ మధ్యలో పిల్లలకు కొత్త మాట చెప్పకూడదు, ఉన్నదీ పోతుంది అని నేర్పేవాళ్లందరూ అంటారు. అది నిజమే. కానీ నన్ను ఆపింది అది కాదని అప్పుడే తెలుసు నాకు. చివరికి ధైర్యం చేసి లేచాను. వెళ్లి చెప్పేస్తాను, "కేక ఆపు, ముందు చెంప పెట్టు, అప్పుడు పిలువు" అని. ఒక్క వాక్యం. అంతే కదా చెప్పాల్సింది.

పిల్ల బెంచీ మీద మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. పక్కన సేటు నీళ్లసీసా పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగింది.

"రా అమ్మా, నీకోసమే చూస్తున్న. నువ్వు ఇంకొక్కపారి తల మీద చెయ్యి వెట్టు. నువ్వు ఆమెకు కన్నతల్లి కంటె ఎక్కువ చేసినవు. నీ రుణం నేను తీర్సుకోలేను."

ఆ పొగడ్త తీసుకున్న నోటితోనే, నీ బిడ్డను పాడుచేసింది నేనే అని ఎట్లా చెప్పను? పిల్ల తల వంచింది. నేను చెయ్యి పెట్టాను. ప్రార్థించాను. పొడుగ్గా, మంచి మంచి మాటలతో ప్రార్థించాను. నిజం చెప్పడానికి వెళ్లి ప్రార్థన చేసి వచ్చాను.

దేవుని పేరును నేను ఎన్నడూ వ్యర్థంగా పలకలేదని అంతవరకూ అనుకునేదాన్ని.

చివరి వంతు గురించి రాయడానికి ఏమీ లేదు. జట్టు పేర్లు చదివినప్పుడు ఆమె పేరు లేదు.

సాయంత్రం బండిలో ముగ్గురం తిరుగుప్రయాణమయ్యాం. పొద్దున పట్టినట్టే పిల్ల నాకు కిటికీ పక్కన చోటు ఇచ్చింది. శంకరపల్లి దాటాక అంది, నాతోనో తండ్రితోనో తెలియకుండా.

"నేను గింత భయస్తురాలినని నాకే తెల్వలె. ఇంట్ల అందరికంటె ధైర్యం నాకే అనుకున్న. పెద్దమ్మ చెప్పేదాంక గూడ తెల్వలె. మంచిగనే అయింది లే నాయినా. మిల్లుల కూసుంట."

జట్టులో చోటు పోయినందుకు నేను అంతవరకూ బాధపడుతున్నాను. అప్పుడు అర్థమైంది, పోయింది చోటొక్కటే కాదని. ఈ పిల్ల ఇక జీవితమంతా, ఎక్కడ ఏ పని తప్పినా, నేను పిరికిదాన్ని అనుకుంటుంది. సాక్షిగా నన్ను తలుచుకుంటుంది.

సేటు ఆమెను ఊరడించడానికి ఫోను తీశాడు. "ఎవలన్నరు భయమని? గిది చూడు, మన మైదానంల ఎట్ల కొట్టినవో" అని పాత వీడియో పెట్టాడు. చిన్న తెరమీద మా రాతిగోడలు, ఆమె వీపు. "పుల్" అంది. తర్వాత పిట్ట పగిలింది. "పుల్." పగిలింది.

"సేటు," అన్నాను, "బొమ్మ చూడకున్రి. కండ్లు మూసి ఇనున్రి. బిడ్డా, నువ్వు గూడ."

ఆమె ఫోను తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. పుల్ అనే కేక. తర్వాత ఏమీ లేదు. తర్వాత మిషను చప్పుడు. ఆ ఏమీ లేని చోటు ఎంతో చిన్నది. కానీ చెవికి తెలిసిపోతుంది. ఆమె మళ్లీ వెనక్కి తిప్పి విన్నది.

"నడుమల ఉన్నది నేనే బిడ్డా," అన్నాను. "నువ్వు చెంప పెట్టేదాంక నేను ఆగేదాన్ని. ముందుగాల చెంప పెట్టాలె, అటెంక పిలువాలె అని నీకు నేర్పాల్సింది నేర్పలే. మైకు నా లెక్క ఆగదు. నీకు భయం లేకుండె. పిట్ట తొందరగ లేస్తున్నదని నువ్వు చెప్పింది నిజం."

ఎదురు సీటులో బఠాణీలు తింటున్న ఆయన నమలడం ఆపేసి మావైపు చూస్తున్నాడు. చూడనివ్వు అనుకున్నాను.

పిల్ల ఫోను తండ్రి చేతిలో పెట్టి నా వైపు తిరిగింది.

"పొద్దుగాల నేను చెప్పినప్పుడు నీకు ఎరుకేనా?"

"పొద్దుగాల ఎరుక లేదు. అన్నం తింటప్పుడు ఎరుకైంది."

"అన్నం తిన్నంక వచ్చి నా తల మీద చెయ్యి వెట్టినవు గదా?"

"పెట్టిన."

వికారాబాద్ వచ్చింది. నేను లేస్తే ఎప్పుడూ నా సంచి తీసి అందించే పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సేటు లేచి సంచి అందించాడు. "జాగ్రత్త అమ్మా" అన్నాడు. ఎంత మంచి మనిషో చూడండి.

మర్నాడు పొద్దున్నే సార్ దగ్గరికి వెళ్లి, మైకులు డబ్బాలోంచి తీసి బిగించమని అడిగాను. ఎందుకో మొత్తం చెప్పాను. ఆయన ఒక్కమాట కూడా కోపంగా అనలేదు, "నేనూ వినాల్సింది" అని మాత్రం అన్నాడు. పిట్టలవాడు నా కుర్చీ పక్కకు జరుపుతూ, "ఇంక దీనిమీద నేను కూసుంట. గుంతల నడుములు వోయినయి" అన్నాడు. నన్ను నవ్వించాలని చూశాడు. అతనికి నేను ఎంతో రుణపడి ఉన్నాను. ముందే చెప్పనందుకు కోపం కూడా ఉంది. రెండూ ఉన్నాయి.

అందరి లెక్కలూ పడిపోయాయి. నన్ను తిట్టుకున్నారు. తిట్టనిచ్చాను. అప్పటినుంచి పిల్లలకు తూటాలు ఇచ్చే ముందు ఖాళీ తుపాకితో గోడకెదురుగా నిలబెట్టేదాన్ని. ఎత్తు, చెంప ఆనించు, కన్ను అవతలికి పంపు, ఊపిరి కుదరనివ్వు. ఇవన్నీ అయ్యాకే పిలువు. కుదరకపోతే దించేయి, మళ్లీ ఎత్తు. దించడం తప్పు కాదు. ఇది మైకు లేని చోట కూడా చేయించండి. మీరు మీట నొక్కాల్సి వస్తే ఆడేవాళ్ల వైపు చూడకండి. కళ్లు మూసుకుని వినండి. పిల్లల మీద ప్రేమ ఉన్నవాళ్లు మరీ గట్టిగా మూసుకోండి.

ఆ పనిలో ఉండగా నాకు ఒక్కొక్కరూ గుర్తొచ్చారు. ఈ అమ్మాయికి ముందు కూడా మా మైదానం నుంచి పోటీలకు వెళ్లి, తప్పి, తిరిగొచ్చినవాళ్లున్నారు. పరిగి నుంచి బస్సులో వచ్చే ఒక లెక్చరర్, అన్నదమ్ములు ఇద్దరు, ఇంకా ఎవరెవరో. అందరికీ నేను చెప్పింది అదే, "భయపడ్డవు బిడ్డా" అని. కొందరు ఆట మానేశారు. వాళ్లు ఇప్పుడెక్కడున్నారో తెలియదు. వాళ్లలో ఎవరైనా ఇది చదివితే, మీరు భయపడలేదు. మీకు భయం పేరు పెట్టింది నేను.

సేటు కంది సీజను అయ్యాక మైదానానికి వచ్చాడు. వెనక కూతురు. "తూకంరాయే తప్పున్నదని ఎరుకైనంక మల్ల తూసుడే గద అమ్మా. మా అమ్మకు గదే చెప్పిన. ఇంకొక్క ఏడు" అన్నాడు. వెళ్తూ వెళ్తూ నాకు ఒక సంచి కొత్త కందిపప్పు ఇచ్చిపోయాడు. వద్దనకుండా తీసుకున్నాను. ఆ పప్పు వండుకున్న ప్రతిరోజూ ఆయన కోసం ప్రార్థించి తిన్నాను. తిన్నది అరిగిందని చెప్పను.

ఆమె నన్ను మేడం అని పిలిచింది. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా అంతే. పెద్దమ్మా అనమని అడగడానికి నాకేం హక్కుంది? కేకకు ముందు చెంప పెట్టడం నేర్చుకోవడానికి ఆమెకు చాలా కాలం పట్టింది. కొత్త పని నేర్చుకోవడం తేలిక, ఇష్టంగా నేర్చుకున్నదాన్ని విప్పుకోవడం కష్టం. మరుసటి ఏడు ఆమెకు జట్టులో చోటు దొరికింది. అది ఆమె కష్టం. అందులో నా వాటా ఒక ఏడు ఆలస్యం మాత్రమే.

నేను చివరగా చెప్పాలనుకున్నది ఆ రెండో పోటీ రోజు పొద్దుటి సంగతి. వంతుకు ముందు పిల్లలు ఖాళీ తుపాకి ఎత్తి చూసుకునే గోడ ఒకటి ఉంది. నేను కాస్త దూరంగా నిలబడ్డాను. దగ్గరికి వెళ్లే ధైర్యం లేక. ఆమే చూసి పిలిచింది. వెళ్లాను. పాత అలవాటు కొద్దీ నా చెయ్యి ఆమె తల వైపు లేచింది. ఆమె ఆ చేతిని పట్టుకుని, మెల్లగా కిందికి దించింది.

"వద్దు మేడం. చూసి చెప్పు. చెంప ఆనిందా, లేదా?"

గోడవైపు తిరిగి తుపాకి ఎత్తింది. సేటు చూస్తున్నాడు, సార్ చూస్తున్నాడు. ఇంకాసేపట్లో ఆమె పేరు పిలుస్తారు. ఆనింది బిడ్డా, బ్రహ్మాండంగా ఉంది అనాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. వంగి చూశాను. చెంపకూ చెక్కకూ మధ్య వెలుతురు సన్నగా కనిపిస్తోంది.

"లేదు బిడ్డా," అన్నాను. "ఆనలే."

ఆమె తుపాకి దించి, మళ్లీ ఎత్తింది.